అత్తయ్య కట్టే కట్టు

మార్చి 4

ఈ రోజు క్లినిక్‌లో కొత్త డాక్టరు నా మణికట్టు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఒక చెయ్యి వదిలి ఇంకో చెయ్యి పట్టుకున్నాడు. మెడ దగ్గర వేళ్ళు పెట్టాడు. ముఖం పాలిపోయింది. రక్తం పలచబడే మందు మోతాదు సరిచూసుకోవడానికి ఎప్పుడూ వెళ్ళే చోటే. పాత డాక్టరు సెలవులో ఉన్నాడు. నా సంగతి ఇతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. నేను నోరు విప్పేలోపే పక్క కుర్చీలోంచి అత్తయ్య అందుకుంది.

"వెతక్కు బాబూ, దొరకదు. మా కోడలికి నాడి లేదు. నోరు మాత్రం ఉంది."

అతను నా వంకా ఆవిడ వంకా మార్చి మార్చి చూశాడు. చొక్కా అంచు ఎత్తి పొట్టలోంచి బయటికొచ్చే వైరు, నడుముకి కట్టుకున్న కంట్రోలరు, భుజాన సంచిలో బ్యాటరీలు చూపించాను. నా గుండెకి నెత్తురు తోసే ఓపిక పోయిందని, లోపల కుట్టిన పంపు ఆ పని చేస్తోందని, అది గుండెలా కొట్టుకోదు, ఆగకుండా తిరుగుతూనే ఉంటుందని, అందుకే నాడి అందదని చెప్పాను. చదవడమే గాని ఎప్పుడూ చూడలేదన్నాడు. స్టెతస్కోపు పెట్టి కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు.

"ఎప్పుడూ ఇలా రొద చేస్తూనే ఉంటుందాండీ?"

"చెయ్యని రోజున నీకు కబురు పెడతాలే," అంది అత్తయ్య.

మెట్లు దిగేటప్పుడు అత్తయ్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నేనెక్కడ పడతానో అని ఆవిడ భయం.

మార్చి 5

డ్రెస్సింగ్ అయింది. బాగానే అయింది.

మార్చి 9

డ్రెస్సింగ్‌కి ఇప్పుడు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంటున్నాను. మొదట్లో మంచం మీదే చేసేది. ఇక్కడైతే వెలుతురు బాగుంటుందని మార్చాం.

అత్తయ్య డ్రెస్సింగ్‌కి కూర్చుంటే ఇల్లంతా నోరు మూసుకోవాలి. రేడియో ఆపేస్తుంది. ఫ్యాను ఆపేస్తుంది. నాకూ తనకూ మాస్కులు కట్టి, మోచేతుల దాకా చేతులు తోముకుని, పాత కట్టు విప్పి, గ్లోవ్స్ మార్చి, వైరు పొట్టలోకి దిగే చోట చుట్టూ లోపలి నుంచి బయటికి మందు దూదితో తుడుస్తుంది. ఆరనిస్తుంది. కొత్త కట్టు వేసి, వైరు కదలకుండా పక్కన బిగిస్తుంది. అంతసేపూ మాట్లాడదు. రోజు మొత్తంలో ఆవిడ మాట్లాడకుండా ఉండేది అప్పుడొక్కటే.

పంపు పెట్టినప్పుడు హాస్పిటల్ వాళ్ళు ఆవిడని ఒప్పుకోలేదు. ఇలాంటి మనిషికి ఇంట్లో ఒక తోడు ఉండాలి, ఆ తోడు శిక్షణ తీసుకోవాలి, పరీక్ష పాసవ్వాలి. పంపు నర్సు (ఆవిడ పనే మాలాంటివాళ్ళని చూసుకోవడం, అందుకని ఆ పేరు పెట్టాం) మొహమాటపడుతూ అడిగింది.

"మీ ఇంట్లో ఇంకెవరూ లేరామ్మా?"

"మా అబ్బాయి ఉండేవాడు. పోయాడు. ఇక ఇది, నేను."

"మీకు డెబ్భై దాటాయి కదా..."

"దాటాయి. నేను ఆగానా మరి?"

రబ్బరు బొమ్మ పొట్ట మీద సాధన చేసింది. దానితో కబుర్లు చెప్పేది, నొప్పెడితే చెప్పు నాయనా అనేది. పరీక్ష రోజున కట్టు అంచులు స్కేలు పెట్టి గీసినట్టు వచ్చాయి. బతుకంతా కుట్టుమిషను మీద కూర్చున్న మనిషి మరి.

గుండె మార్పిడికి నా ఒళ్ళు ఒప్పుకోదని పెద్ద డాక్టరు అప్పుడే తేల్చేశాడు. నాకు చివరిదాకా ఈ పంపే. పంపుకి చివరిదాకా ఈ అత్తయ్యే.

ప్యాకెట్ల మీద పేర్లు ఈ మధ్య నేనే పైకి చదివి అందిస్తున్నాను. ఇది మందు దూది, ఇది గాజుగుడ్డ, ఇది టేపు. ఊరికే, ఊసుపోక.

మార్చి 15

ఎక్కడో రోడ్డు తవ్వుతున్నారట, బస్సుని ఈతకొలను వీధిలోంచి మళ్ళించారు. ప్రహరీ గోడ తప్ప ఏమీ కనబడలేదు. క్లోరిన్ వాసన మాత్రం కిటికీలోంచి లోపలికొచ్చి నా పక్కన కూర్చుంది. ఎన్నో ఏళ్ళు అది నా ఒంటి వాసన. సబ్బు ఎంత రుద్దినా పోయేది కాదు. "మా ఇంట్లో చేప తిరుగుతోంది," అనేది అత్తయ్య.

అక్కడ పిల్లల బ్యాచ్‌కీ ఆడవాళ్ళ బ్యాచ్‌కీ నేను టీచర్ని. నీళ్ళంటే వణికిపోయే మగవాళ్ళెవరైనా వస్తే వాళ్ళనీ నాకే అంటగట్టేవాళ్ళు. ఆయన అలాగే వచ్చాడు. బస్సు కండక్టరు. ఈ వయసులో ఈత ఎందుకండీ అంటే, "మా బస్సు రోజూ వంతెన దాటుతుందండీ" అన్నాడు. ఎంతో ఆలోచించి చెప్పినట్టు చెప్పాడు.

నడుం లోతు నీళ్ళలో గోడకున్న కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. పక్కన ఆరేళ్ళ పిల్లలు కప్పల్లా దూకుతుంటే, "నెమ్మదిగా, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, ముందుకి జరగాలి" అని అలవాటు కొద్దీ అరిచేవాడు. పిల్లలు నిజంగానే వరసలో నిలబడేవాళ్ళు. ఆయన మాత్రం కడ్డీ వదిలేవాడు కాదు.

"ఊపిరి వదలండి. భుజాలు వదలండి. ఒళ్ళు వదిలెయ్యండి."

"అన్నీ వదిలేస్తే ఇక నేనేం మిగుల్తాను టీచర్?"

చివరికి వదిలేవాడు. మునిగేవాడు. మునగడానికి రాయికి కూడా ఇంకాస్త సేపు పడుతుంది.

ఒకరోజు గట్టు మీది బెంచీపై గొడుగు పట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. క్లాసయ్యాక నన్ను చెయ్యూపి పిలిచింది.

"నువ్వేనా రోజూ మా వాణ్ణి ముంచేది?"

"ఆయనే మునుగుతున్నారండీ. నేను తీస్తున్నాను."

ఆవిడ పైనుంచి కింది దాకా చూసింది. నేను నీళ్ళు కారుతూ నిలబడ్డాను. "వాడు ఈత కోసం రావడం లేదని తెలుసా నీకు?"

"తెలుసండీ."

"మరి ఫీజెందుకు తీసుకుంటున్నావు?"

మా పెళ్ళిచూపులు అంతే. పెళ్ళయ్యాక రోజూ సాయంత్రం చివరి బ్యాచ్ వెళ్ళిపోయిన తర్వాత వాచ్‌మన్ మమ్మల్ని కాసేపు ఉండనిచ్చేవాడు. అత్తయ్య బెంచీ మీద గుండీలు కుట్టుకుంటూ, ఆయన కాళ్ళు నీళ్ళలో ఆడిస్తూ, నేను ఈ చివరి నుంచి ఆ చివరికి. తిరిగే చోట తల పైకి తీస్తే వాళ్ళిద్దరి గొంతులూ ఒక్క ముక్క వినపడేవి, మళ్ళీ నీళ్ళు మూసేసేవి. ఏం మాట్లాడుకునేవాళ్ళో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగాలనిపిస్తోంది.

ఆయనకి ఈత రానేలేదు. ఊపిరితిత్తులు పోయి చనిపోయాడు. గుండె మాత్రం గట్టిదని, చివరిదాకా అదే లాక్కొచ్చిందని డాక్టర్లు అన్నారు. ఆ మాట నాకు ఓదార్పుగా చెప్పారు.

మార్చి 16

నిన్న అంత రాసి ఉండాల్సింది కాదు. నీళ్ళు లేకపోతే ఏమైంది. నీళ్ళలో దిగితే వైరు వెంబడి క్రిములు లోపలికి పోతాయి, బ్యాటరీ తడిస్తే పంపు ఆగుతుంది. ఇందులో బాధపడటానికేముంది. లోకంలో చాలామందికి ఈత రాదు.

మార్చి 22

అక్క ఫోను. వారానికోసారి అదే పాట.

"మా ఊళ్ళో హాస్పిటల్ ఇంటికి పది అడుగులు. కింద గది ఖాళీగా ఉంది. మీ బావ కూడా రమ్మంటున్నారు. ఆ ముసలావిడ చేతిలో ప్రాణం పెట్టుకుని ఎన్నాళ్ళుంటావే?"

"ఆవిడ బాగానే చేస్తోందక్కా."

"ఇవాళ చేస్తుంది. రేపో?"

"రేపు సంగతి రేపు."

అత్తయ్య పక్కనే టీ పోస్తోంది. కప్పు నిండి సాసరు నిండి బల్ల మీదికి కారేదాకా పోసింది. నా మాటలు వింటూ పరధ్యానంలో పడి ఉంటుంది. నేను గుడ్డ తెచ్చి తుడిచాను.

మార్చి 28

తలంటు రోజు. బాత్రూములో స్టూలు మీద వెనక్కి వాలి కూర్చుంటే అత్తయ్య చెంబుతో జుట్టు మీద మాత్రమే నీళ్ళు పోస్తుంది. ఒళ్ళంతా ప్లాస్టిక్ షీటు కప్పేస్తుంది. కూరగాయల సంచిలా ఉంటాను. మిగతా ఒళ్ళు తడి గుడ్డతో తుడుచుకోవడమే. చెవుల వెనక గోరువెచ్చటి నీళ్ళు జారుతుంటే కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే చాలు, ఎక్కడికి కావాలంటే అక్కడికి.

"ఏమే, ఈదుతున్నావా?" అంది అత్తయ్య.

"లేదండీ."

"కాళ్ళు ఆడుతున్నాయి మరి."

వైరు పక్కన కొంచెం ఎర్రగా ఉంది. షీటు ఒరుసుకుని ఉంటుంది.

ఏప్రిల్ 1

ఆ ఎరుపు ఇంకా పోలేదు. చీమ కుట్టి ఉంటుంది.

ఏప్రిల్ 4

కప్పపిల్ల వచ్చింది. నా దగ్గర ఈత నేర్చుకున్న పిల్లలందరికీ నేనే పేర్లు పెట్టేదాన్ని. బాతు, మొసలి, పీత. ఈ పిల్ల ఐదేళ్ళప్పుడు గట్టు మీంచి దూకమంటే ఒప్పుకోకుండా అంచు మీద గొంతుక్కూర్చుని ఉండేది. ఇప్పుడు పళ్ళ డాక్టరు. ముప్ఫై ఏళ్ళొచ్చినా వచ్చినప్పుడల్లా బెల్లు కొట్టి, "మేడమ్, కప్పపిల్లని" అంటుంది.

అత్తయ్య ఆ పిల్లకిష్టమని బంగాళాదుంపలు వేయించి పెట్టింది. ఉప్పు రెండుసార్లు పడింది. కప్పపిల్ల నీళ్ళు తాగుతూ మొత్తం తినేసింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర గొంతు తగ్గించి అడిగింది.

"మేడమ్, బామ్మగారి చూపు ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది. ఏం?"

"నా చొక్కా చూసి 'ఈ పచ్చ చొక్కా నీకు బాగుందే' అన్నారు. ఇది నీలం."

"నీలానికీ పచ్చకీ తేడా నాకూ తెలీదు. నువ్వు పళ్ళు చూసుకో, కళ్ళు మాకొదిలెయ్."

కసురుకున్నట్టున్నాను. పాపం, చెప్పులేసుకుని తలొంచుకుని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 7

ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. ఎండాకాలం.

ఏప్రిల్ 8

వణుకు. కట్టు తడిగా ఉంది. పంపు నర్సుకి ఫోను చేశాను. వెంటనే వచ్చెయ్యమంది. అత్తయ్య బ్యాటరీల సంచి సర్దుతూ మూడుసార్లు ఒకే జేబులో చెయ్యి పెట్టి వెతికింది.

ఏప్రిల్ 10

వైరు వెంబడి చీము పట్టింది. లోపలి దాకా పోలేదట, అదృష్టమన్నారు. థియేటర్లోకి తీసుకెళ్ళి శుభ్రం చేశారు. నరంలోకి మందులు. చాలా రోజులు ఇక్కడే ఉండాలి.

ఈ ఉదయం జరిగింది రాయాలా వద్దా అనుకున్నాను. రాస్తున్నాను.

పంపు నర్సు వచ్చి అత్తయ్యని కూర్చోబెట్టింది. మంచి మనిషి, గొంతెత్తదు. "అమ్మా, ఇంట్లో ఎలా చేస్తారో ఒకసారి నా ముందు చెయ్యండి. తప్పు పట్టడానికి కాదు. ఎక్కడ జారిందో తెలియాలి కదా."

అత్తయ్య చేతులు కడుక్కుంది. బల్ల మీద ప్యాకెట్లు పేర్చి ఉన్నాయి. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "ఇది మందు దూది, ఇది..."

"మీరు చదవకండమ్మా," అంది నర్సు. "ఆవిడని తీసుకోనివ్వండి."

అత్తయ్య చెయ్యి ప్యాకెట్ల మీద తిరిగింది. గుడ్డ నాణ్యం చూసినట్టు వేళ్ళ మధ్య నలిపి చూసింది. మందు దూది అనుకుని టేపు విప్పింది. పెట్టేసి ఇంకోటి తీసింది. గ్లోవ్స్ వేసుకున్న చెయ్యి మంచం కడ్డీకి తగిలింది. తగిలినట్టు ఆవిడకి తెలియలేదు. నర్సు చూసింది, నేనూ చూశాను.

కట్టు విప్పాక నర్సు నెమ్మదిగా అడిగింది. "ఇక్కడ ఏం కనబడుతోందమ్మా?"

అత్తయ్య బాగా వంగింది. ముక్కు పొట్టకి ఆనేంత వంగింది.

"శుభ్రంగానే ఉంది," అంది.

వైరు పక్కన పసుప్పచ్చగా ఊరుతోంది. నాకు తలెత్తితే కనబడుతోంది.

నర్సే గ్లోవ్స్ వేసుకుని కట్టు కట్టింది. అత్తయ్య తన గ్లోవ్స్ విప్పి, నలిగిన గుడ్డని ఇస్త్రీకి ముందు సాఫు చేసినట్టు ఒళ్ళో పెట్టుకుని సాఫు చేస్తూ కూర్చుంది.

ఏప్రిల్ 11

అత్తయ్య ఈ రోజు ఒక్క జోకు వెయ్యలేదు.

ఏప్రిల్ 13

మధ్యాహ్నం నర్సు వెళ్ళాక అత్తయ్యే కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"నీకు తెలుసు కదే."

"ఏం తెలుసండీ?"

"నాటకాలాడకు. నాకు కనబడటం లేదని."

తల ఊపాను. అది కనబడలేదేమోనని, "తెలుసు అత్తయ్యా" అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"కుర్చీ కిటికీ దగ్గరికి మార్చినప్పటి నుంచి."

"దొంగముండా. నేను వెలుతురు కోసమంటే వెలుతురు కోసమని తలూపావు."

"మీరెందుకు చెప్పలేదు?"

ఆవిడ దుప్పటి అంచు పట్టుకుని మడిచింది. విప్పింది. "చెబితే వీళ్ళు నేను పనికిరానని రాస్తారు. మీ అక్క వచ్చి నిన్ను తీసుకుపోతుంది. నేను ఆ ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని ఎవర్ని తిట్టుకోను? గోడల్నా?" దుప్పటి వదిలేసి, "నా స్వార్థం కోసం నిన్ను చంపబోయాను," అంది.

నేను చెప్పకపోవడమూ అందుకేనని అనాలనుకున్నాను. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ మణికట్టు దగ్గర నాడి గబగబా కొట్టుకుంటోంది. ఎంతసేపు పట్టుకున్నానో.

ఏప్రిల్ 15

అక్క వచ్చింది. గదిలోకి వస్తూనే ఏడుపు, ఏడుస్తూనే తిట్లు, తిడుతూనే పళ్ళు కోసి పెట్టడం. చిన్నప్పటి నుంచీ ఇంతే. నేను మోకాలు చీల్చుకుని వచ్చినా ముందు వీపు మీద ఒకటేసి తర్వాత మందు రాసేది.

"ఇక మాటల్లేవు. డిశ్చార్జ్ అవగానే మా ఇంటికే. అన్నీ మాట్లాడేశాను."

నేను అత్తయ్య వంక చూశాను. అత్తయ్య కిటికీ వంక చూస్తోంది.

"తీసుకెళ్ళమ్మా," అంది ఆవిడ. "నువ్వే సరైనదానివి. నేను పనికిరాను."

ఎవరో గుండెలో వైరు లాగినట్టయింది. కంట్రోలర్ మీద అంకెలు మాత్రం మామూలుగానే ఉన్నాయి. ఎంత బాధపడినా అవి కదలవు.

"నన్నెవరూ అడగరేం?" అన్నాను. చాలా గట్టిగా అన్నట్టున్నాను. పక్క మంచం మీదావిడ లేచి కూర్చుంది. "నేనేమైనా సూట్‌కేసునా? ఆవిడ కళ్ళకి పొర వచ్చింది. పొర తీసేస్తారు. దానికింత గోలేమిటి? కళ్ళ డాక్టరు పైఅంతస్తులోనే ఉన్నాడు."

"అప్పటిదాకా నీ డ్రెస్సింగ్ ఎవరు చేస్తారే?" అంది అక్క.

"నువ్వే నేర్చుకో."

అక్క పళ్ళు కోసే చాకు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత కుర్చీలో కూలబడి, "నాకు నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయే. చిన్నప్పుడు నీ మోకాలికి మందు కూడా కళ్ళు మూసుకునే రాసేదాన్ని," అంది. "నర్సుని పెట్టేద్దామనుకున్నాను."

మొదట అత్తయ్య నవ్వింది. తర్వాత నేను. చివరికి అక్క కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వింది.

ఏప్రిల్ 17

కప్పపిల్లకి ఫోను చేసి ముందు క్షమాపణ చెప్పుకున్నాను. "అయ్యో మేడమ్," అంది. "నేను రోజూ మాస్కూ గ్లోవ్సూ వేసుకునే కదా బతుకుతాను. నోట్లోకి బదులు పొట్టలోకి చూడాలి, అంతే కదా?"

సాయంత్రం క్లినిక్ మూసి వచ్చి పంపు నర్సు దగ్గర కూర్చుంది. అదే రబ్బరు బొమ్మ. అత్తయ్య పక్కన కూర్చుని, కనబడకపోయినా, "వైరు కింది వైపు కూడా తుడవాలే పిల్లా, అందరూ అదే మరిచిపోతారు" అంటోంది. నర్సు నా వంక చూసి నవ్వింది. ఇకనుంచి ఇద్దరు తోడుండాలని, ఇద్దరి కళ్ళూ పరీక్షించాకే సంతకమని చెప్పింది.

ఏప్రిల్ 24

ఇంటికొచ్చాం. మాత్రలు ఇంకా వాడాలి, బహుశా ఎప్పటికీ. అక్క రెండు రోజులుండి వంటిల్లంతా తనకి నచ్చినట్టు సర్దేసి వెళ్ళింది. ఇప్పుడు మాకిద్దరికీ ఏదీ దొరకడం లేదు. అత్తయ్యకి కొత్త సాకు దొరికింది.

మే 3

అత్తయ్య మొండికేసింది. ఆపరేషన్ రేపు. కళ్ళలో కత్తి పెడతారంటే వణికిపోతోంది. నా ఛాతీ తెరిచిన రోజున ఈవిడే కారిడార్లో నిలబడి డాక్టరుకి ధైర్యం చెప్పిందట.

"నాకేమైనా అయితే?"

"ఏమీ కాదు. ఊపిరి వదలండి. భుజాలు వదలండి."

"నేను మా వాణ్ణి కాదు, నీ మాట విని మునగడానికి."

ముందు పరీక్షలకి హాస్పిటల్‌కి వెళ్ళింది మాత్రం నా చెయ్యి పట్టుకునే. నేను పడతానని కాదు. ఇద్దరికీ ఆ సంగతి ఇప్పుడు బాహాటమే.

మే 5

ఒక కంటికి ఆపరేషన్ అయింది. వంగకూడదు, బరువెత్తకూడదు, కంట్లో నీళ్ళు పడకూడదు. ఈ ఇంట్లో నీళ్ళు తగలకూడని మనుషులం ఇద్దరమయ్యాం.

చుక్కలు నేనే వేస్తున్నాను. తల వెనక్కి వాల్చి నోరు తెరుచుకుని కూర్చుంటుంది. చుక్క కంట్లో వెయ్యాలి, నోట్లో కాదంటే వినదు.

మే 12

కప్పపిల్ల వచ్చి డ్రెస్సింగ్ చేసింది. చక్కగా చేస్తుంది. పని చేస్తున్నంతసేపూ పళ్ళ రోగులతో మాట్లాడినట్టు మాట్లాడుతూనే ఉంటుంది. "కొంచెం చల్లగా తగుల్తుంది, అయిపోయింది, అయిపోవచ్చింది." నాకు అత్తయ్య మౌనమే బాగుండేది.

తను వెళ్ళాక అత్తయ్యా నేనూ చెరో కుర్చీలో కూర్చున్నాం. టీవీ చూడకూడదు, కుట్టకూడదు, చదవకూడదు ఆవిడ. మాట్లాడొచ్చు. కొలను గట్టు మీద మీరిద్దరూ రోజూ ఏం మాట్లాడుకునేవాళ్ళు అని అడిగాను.

"ఏ గట్టు? ఓ, అదా." నల్ల కళ్ళజోడు సర్దుకుంది. "ఏముంది, నిన్ను చూసేవాళ్ళం. వాడు లెక్కపెట్టేవాడు, ఎన్నిసార్లు తిరిగావో. నేను మధ్యలో ఏదో ఒకటి అడిగి లెక్క చెడగొట్టేదాన్ని. వాడికి కోపం వచ్చేది. 'అమ్మా, మళ్ళీ మొదటికొచ్చాను' అనేవాడు. మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టేవాడు."

"అంతేనా?"

"అంతే. ఇంకేం కావాలే? చిన్నప్పుడూ అంతే వాడు. నేను కుట్టుకుంటుంటే గుడ్డ కత్తిరింపులన్నీ టికెట్లు చేసి, బట్టలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళందరికీ అమ్మేవాడు. టికెట్ లేకుండా మా గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. ఒకావిడ ఊరికే వెళ్ళిపోతే వీధి చివరి దాకా వెంటపడ్డాడు."

సాయంత్రం దాకా ఆయన గురించే చెప్పింది. నాకు తెలియని ఆయన ఇంకా ఎంతో ఉన్నాడు.

మే 20

రెండో కన్ను కూడా అయింది.

మే 21

చుక్కలు. అరుపులు. చుక్కలు.

జూన్ 6

డాక్టరు కళ్ళజోడు తీయించాడు. గోడ మీది అక్షరాలు చివరి వరస దాకా చదివేసి, కింద ప్రింటరు పేరు కూడా చదివింది. మా వీధిలోకి రాగానే మధ్యలో నిలబడిపోయింది. పక్కింటి గోడకి ఇంత పచ్చరంగు ఎప్పుడు వేశారే అంది. ఎప్పట్నుంచో అదే రంగు. ఇంట్లో అద్దం ముందు చాలాసేపు నిలబడి, "ఈ ముసలిదెవరే మన బాత్రూములో?" అంది. అలమరలు తుడిచింది. గిన్నెలన్నీ మళ్ళీ తోమింది. ఇన్నాళ్ళూ ఇంత మురికిలో ఉంచానా నిన్ను అని నా మీద అరిచింది.

జూన్ 8

పంపు నర్సు ముందు పరీక్ష. పాసు. నర్సు సంతకం చేస్తుంటే అత్తయ్య మెడ చాచి చూసి, "తేదీ తప్పు వేశావమ్మా, ఇవాళ ఎనిమిది," అంది. ఆవిడ గర్వం ఇంటికొచ్చేదాకా బస్సులో పట్టలేదు.

అక్కకి ఫోను చేశాను. "సరే, గది అలాగే ఉంచుతాను. సెలవులకైనా రండి, ఇద్దరూ," అంది. ఇద్దరూ అన్నది మొదటిసారి.

జూన్ 9

ఈ రోజు ఇంట్లో డ్రెస్సింగ్. నిన్న పరీక్షలో చేసింది బొమ్మ పొట్ట మీద. నా మీద చెయ్యడం ఏప్రిల్ తర్వాత ఇదే.

రేడియో ఆపింది. ఫ్యాను ఆపింది. చేతులు కడుక్కుంది. నేను కుర్చీలో వెనక్కి వాలి చొక్కా ఎత్తాను. పాత కట్టు విప్పింది. తర్వాత ఏమీ జరగలేదు. దూది తడి తగలలేదు. మరిచిపోయిందేమోనని తలెత్తి చూశాను.

చూస్తోంది. వైరు దిగిన చోటు, పక్కన కోసి శుభ్రం చేసిన గుంట, ఛాతీ మధ్యలో గొంతు కింది నుంచి దిగిన కోత, కుట్ల గుర్తులు. ఒక్కొక్కటీ చూస్తోంది. మాస్కు మీద కళ్ళు నిండుతున్నాయి. చేతులకి గ్లోవ్స్, తుడుచుకోవడానికి లేదు.

"అత్తయ్యా, కంట్లో నీళ్ళు రాకూడదన్నాడు డాక్టరు."

"ఇంత కోశారా నిన్ను?" అంది. డ్రెస్సింగ్ మధ్యలో ఆవిడ మాట్లాడటం ఇదే మొదలు. "రోజూ నా చేత్తో తడిమానే. ఏదో చిన్న గీత అనుకున్నాను. కుట్టు కూడా సరిగ్గా వెయ్యలేదు వెధవలు."

"అతుక్కుంది కదా."

అప్పుడు నా ముఖం వైపు చూసింది. కిటికీ వెలుతురు నా మీదే పడుతోంది. ఆవిడ చూపు నుదుటి మీద, కళ్ళ కింద, చెవుల దగ్గర తెల్లబడిన జుట్టు మీద తిరిగింది. తిరిగి కళ్ళ దగ్గరికొచ్చింది. ఇన్నాళ్ళూ మసకలో ఆవిడ ఎవర్ని చూస్తూ వచ్చిందో నాకు తెలుసు. ఆవిడ కొడుకు ఇంటికి తీసుకొచ్చిన పిల్లని. ఆ పిల్ల ఈ కుర్చీలో లేదు. ఎందుకో నాకు సిగ్గేసింది. చొక్కా కొంచెం కిందికి లాక్కోబోయాను. చెయ్యి తియ్యమన్నట్టు తల ఆడించింది.

"ఎలా ఉన్నాను అత్తయ్యా?" అన్నాను. నవ్వుతూ అందామనుకున్నాను గాని కుదరలేదు.

ఇంకొంచెం దగ్గరికి వంగింది.

"ఉన్నావు," అంది. "ఉన్నావు కదే."

తర్వాత ముక్కు గట్టిగా ఎగబీల్చి, కదలకుండా కూర్చోమని కసిరి, ఆ గ్లోవ్స్ తీసేసి కొత్తవి వేసుకుని, మందు దూది అందుకుంది.